లామినిన్ శిలువ, సికిల్ సెల్ కార్డు: నేటి జన్యు పరిశోధనల గూర్చి మన ప్రసంగములపై ఒక విమర్శ

గత పదిహేను సంవత్సరాలలో వైద్యము, ఇంజనీరింగ్, రసాయన శాస్త్రము, జన్యు శాస్త్రము అనే నాలుగు పాయలు ఒకే ప్రవాహముగా కలిసిపోయాయి. 2020లో జన్యువులను కత్తిరించే పద్ధతికి నోబెల్ బహుమానము ఇచ్చినప్పుడు దానిని వైద్యమునకు కాక రసాయన శాస్త్రమునకు ఇచ్చారు. 2024లో మాంసకృత్తుల ఆకృతిని కంప్యూటరుతో కనుగొన్న వారికి కూడా రసాయన శాస్త్రములోనే ఇచ్చారు. కోవిడ్ టీకాకు మూలమైన ఆర్‌ఎన్‌ఏ పరిశోధనకు 2023లో వైద్యములో ఇచ్చారు. ఆ టీకాను శరీర కణములోనికి చేర్చిన సన్నని కొవ్వు బొట్టు మాత్రము ఇంజనీర్లు, రసాయన శాస్త్రజ్ఞులు కలిసి ఏళ్ళ తరబడి శ్రమించి తయారు చేసినది. ఇవన్నీ వేరువేరు గదులలో జరుగుతున్న పనులని మనము అనుకుంటాము గాని, ఒక గదిలో వెలిగించిన దీపము మరొక గదిలో కనబడుతున్న కాలమిది.

ఈ వ్యాసములో ఆ పరిశోధనలను మెచ్చుకొనుటకు గాని, ఖండించుటకు గాని మేము పూనుకొనలేదు. ఆ పని చేయగలవారు వేరే ఉన్నారు; మాది బి.డి. చదువు. అయితే ఆ పరిశోధనల గూర్చి మన తెలుగు పుల్పిట్ మీద, మన కన్వెన్షన్ సభలలో, మన సంఘ పత్రికలలో ఏమి చెప్పబడుతున్నదో ముప్పై సంవత్సరాలుగా వింటున్నాము, చెబుతున్నాము కూడా. ఆ మాటలను పరిశీలించే బాధ్యత మనదే కాబట్టి ఈ ప్రయత్నము. పాఠకులు దయతో చదివి, తప్పులుంటే సరిదిద్దగలరు.

లామినిన్ శిలువ

మొదట మా సొంత తప్పుతో ప్రారంభిస్తాము. ఇంచుమించు పదిహేనేళ్ళ క్రితము ఒక అమెరికన్ ప్రసంగికుని వీడియో మన సంఘాలలో చేతులు మారింది. మానవ శరీరములో లామినిన్ అనే మాంసకృత్తు ఉన్నదనీ, కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టుకొనేటట్లు చేసేది అదేననీ, దాని ఆకారము శిలువ ఆకారమనీ దాని సారాంశము. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 1:17ను దానికి జోడిస్తే ప్రసంగము సిద్ధము. మేము దానిని మూడు సభలలో చెప్పాము. బొమ్మను ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి వేదిక వెనుక కట్టించాము. జనులు చప్పట్లు కొట్టారు.

మా సంఘములో విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకరు ఉండేవారు. ఆరాధన తరువాత మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ బొమ్మ పాఠ్యపుస్తకములో గీసింది. అసలు అణువు అంత నిటారుగా ఉండదు, దాని చేతులు వంగుతాయి" అని నెమ్మదిగా చెప్పారు. మాకు కొంత కోపము వచ్చిందని ఒప్పుకొంటున్నాము. ఆయన మాట నిజమని తెలుసుకొనుటకు చాలా కాలము పట్టింది. లామినిన్ అనేది ఒక్కటి కాదు, పదిహేను రకాలున్నాయి. మూడు గొలుసులు పెనవేసుకొని తయారయ్యే ఆ అణువు కొన్ని రకాలలో శిలువను పోలి ఉంటుంది. కొన్ని రకాలలో పై చేతులు కురచబడి శిలువ పోలికే ఉండదు. చర్మపు పై పొరను లోపలి పొరకు పట్టి ఉంచే లామినిన్ 332 ఈ రెండవ కోవలోనిది.

ఆకారము సంగతి పోనీయండి. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. లామినిన్‌కు సంబంధించిన జన్యువులలో లోపముతో పుట్టే బిడ్డలు ఉన్నారు. కండరాలకు సంబంధించిన లామినిన్ లోపించినప్పుడు బిడ్డ పుట్టుకతోనే కండరాలు బలహీనమై, కూర్చొనుట, నడచుట కష్టమవుతుంది. చర్మపు లామినిన్ లోపించినప్పుడు చిన్న రాపిడికే చర్మము బొబ్బలెక్కి ఊడిపోతుంది. శిలువ గుర్తు కలిగిన లామినిన్ వల్లనే క్రీస్తు మనలను పట్టి ఉంచుతున్నాడని ప్రసంగించిన సేవకుడు, ఆ బిడ్డను ఎత్తుకొని ప్రార్థనకు వచ్చిన తల్లికి ఏమి చెబుతాడు? ఆ బిడ్డను పట్టి ఉంచుట ప్రభువు మానివేశాడని చెబుతాడా? పౌలు కొలొస్సయులకు వ్రాసిన మాట మాంసకృత్తును గూర్చినది కాదు. దానిని మాంసకృత్తు మీద నిలబెట్టినప్పుడు, మాంసకృత్తు విఫలమైన చోట వాక్యము కూడా విఫలమైనట్లు కనబడుతుంది. మన వ్యాఖ్యానములోని దోషము అది.

ఇక్కడే మన పాఠకులు తప్పక తెలుసుకోవలసిన ఒక సంగతి ఉన్నది. యుద్ధము వలన సిరియా విడిచి జర్మనీకి శరణార్థులుగా వచ్చిన ఒక కుటుంబములో ఏడేళ్ళ బాలుడున్నాడు. అతనికి లామినిన్ 332ను తయారు చేసే జన్యువులలో ఒకదానిలో లోపము. 2015లో బోఖుమ్ నగరములోని కాలిన గాయాల వైద్యశాలకు అతనిని తెచ్చినప్పుడు ఒంటి మీద చర్మము చాలా భాగము పోయింది. వైద్యులు చేయగలిగినదంతా చేసి, ఇక నొప్పి తగ్గించుట తప్ప మార్గము లేదన్న స్థితికి వచ్చారు. అప్పుడు ఇటలీలోని మోడెనా విశ్వవిద్యాలయములో మికేలే డె లూకా అనే శాస్త్రవేత్త బృందమును సంప్రదించారు. బాలుని ఒంటి మీద మిగిలిన మంచి చర్మము నుండి నాలుగు చదరపు సెంటీమీటర్ల ముక్క తీసి మోడెనాకు పంపారు. అక్కడ ఆ కణాలలోనికి, హాని తొలగించిన ఒక వైరస్ ద్వారా, లోపము లేని జన్యువును చేర్చారు. ఆ కణాలను పలుచని పొరలుగా పెంచి, తిరిగి జర్మనీకి పంపి, 2015 అక్టోబరు మొదలుకొని 2016 ఆరంభము వరకు శస్త్రచికిత్సలు చేసి అతికించారు. అతని చర్మపు పై పొరలో ఇంచుమించు ఎనభై శాతము ఆ విధముగా క్రొత్తగా వచ్చింది. 2017 నవంబరులో ఆ ఫలితము నేచర్ పత్రికలో వెలువడింది. ఐదేళ్ళ తరువాత కూడా చర్మము దృఢముగా ఉన్నదని 2021లో వైద్యులు ప్రకటించారు.

నాలుగు శాస్త్రాలు కలిసిన పని అంటే ఇది. జన్యువును ఎంచినది జన్యు శాస్త్రము, పొరలను పెంచినది కణజాల ఇంజనీరింగ్, అతికించినది శస్త్రవైద్యము. లామినిన్ గూర్చి ప్రసంగించుటకు మనకు కావలసినంత సత్యము ఇక్కడ ఉన్నది. మేము మాత్రము ఫ్లెక్సీ మీద బొమ్మ వేయించుకొన్నాము. పరదేశిగా వచ్చిన బిడ్డకు చర్మము దొరికిన వార్త 2017 నుండి ఉన్నా, దానిని మేము ఒక్క పుల్పిట్ మీద కూడా వినలేదు.

కత్తెర కథ, కొన్ని సవరణలు

రెండవ విషయము క్రిస్పర్. దీనిని గూర్చి మన పత్రికలలో వస్తున్న వ్యాసాలు తరచుగా ఒకే వాక్యముతో మొదలవుతున్నాయి: మానవుడు దేవుని స్థానములో కూర్చున్నాడని. ఆ వాక్యము వ్రాసే ముందు ఆ పని ఎలా మొదలైనదో కొంచెము చూడవలసి ఉన్నది.

1987లో జపానులోని ఒసాకాలో యోషిజుమి ఇషినో బృందము ఒక బాక్టీరియాలో వింతగా మళ్ళీ మళ్ళీ వచ్చే డీఎన్‌ఏ వరుసను చూసింది. అదేమిటో వారికి తెలియలేదు. స్పెయిన్ దేశపు ఉప్పు మడులలో బ్రతికే సూక్ష్మజీవులలో ఫ్రాన్సిస్కో మొహీకా అదే చూసి, సంవత్సరాల తరబడి వెదకి, అవి సూక్ష్మజీవులు తమ మీద దాడి చేసిన వైరస్‌ల గుర్తులను దాచుకొనే పద్ధతి అని 2005లో వెల్లడించాడు. 2007లో పెరుగు తయారీకి వాడే బాక్టీరియాలో ఒక పాల పదార్థాల సంస్థ శాస్త్రవేత్తలు దానిని ప్రయోగముతో నిరూపించారు. 2012లో జెనిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియె ఆ పద్ధతిని కోరుకొన్న చోట డీఎన్‌ఏను కత్తిరించే సాధనముగా మార్చారు. 2013లో ఇతరులు మానవ కణాలలో అది పనిచేస్తుందని చూపించారు. అంటే, కత్తెరను మానవుడు మొదట చేయలేదు. ఉప్పు మడులలో, పెరుగు కుండలో అది పని చేస్తూనే ఉన్నది. దానిని చూసి, నేర్చుకొని, పేరు పెట్టారు. ఆదికాండము 2వ అధ్యాయములో ఆదాము చేసిన పనికి, దీనికి ఎంత దూరమో విద్యార్థులు ఆలోచించగలరు.

ఈ కత్తెర మొదట ఉపయోగపడిన రోగాలలో సికిల్ సెల్ ఒకటి. మన రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాలలో సేవ చేస్తున్న కాపరులకు దీనిని గూర్చి చెప్పవలసిన పని లేదు. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారములోనికి వంగి, సన్నని రక్తనాళాలలో చిక్కుకొని, ఎముకలు, కీళ్ళు, పొట్ట భరించలేని నొప్పి పెడతాయి. 1910లో షికాగోలో జేమ్స్ హెరిక్ దీనిని మొదట వర్ణించాడు. 1949లో లైనస్ పౌలింగ్ ఇది అణువులోని రోగమని చూపించాడు. కొన్నేళ్ళకు వెర్నన్ ఇన్‌గ్రామ్ హీమోగ్లోబిన్‌లో ఒక్క అమైనో ఆమ్లము మారుటయే కారణమని కనుగొన్నాడు. జన్యువులో ఒకే ఒక్క అక్షరము తేడా. మన దేశములో 1952లో నీలగిరి కొండలలోని గిరిజనులలో ఇది మొదట గుర్తించబడింది.

2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా దేశాలు క్యాస్జెవీ అనే క్రిస్పర్ చికిత్సకు అనుమతినిచ్చాయి. అప్పుడు మన పత్రికలలో కొందరు "తప్పు అక్షరమును దిద్దారు" అని వ్రాశారు, దాని మీద పాపక్షమాపణకు సాదృశ్యము కూడా కట్టారు. అది తప్పు. ఆ చికిత్స తప్పు అక్షరమును ముట్టుకోదు. గర్భములో ఉన్న శిశువు రక్తములో వేరొక రకము హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన కొన్ని నెలలకు అది తగ్గిపోయి పెద్దల హీమోగ్లోబిన్ వస్తుంది. శిశువు హీమోగ్లోబిన్‌ను ఆపివేసే ఒక జన్యువు ఉన్నదని బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ మొదలైనవారు 2008లో చూపించారు. రోగి మూలకణాలలో ఆ జన్యువుకు సంబంధించిన ఒక చోట మాత్రమే కత్తిరిస్తారు. దానితో ఆగిపోయిన శిశువు హీమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. తప్పు అక్షరము తప్పుగానే ఉండిపోతుంది, దాని బాధ మాత్రము తగ్గుతుంది. సాదృశ్యము కట్టదలచినవారు కనీసము సరైన సంగతి మీద కట్టుట మంచిది.

మరొకటి. ఈ మార్పు ఆ రోగి రక్తకణాల వరకే. అతని పిల్లలకు అది సంక్రమించదు. 2018 నవంబరులో చైనాలో హె జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త పిండములలోనే జన్యువును మార్చి కవల ఆడపిల్లలను పుట్టించానని ప్రకటించినప్పుడు లోకమంతా ఉలిక్కిపడినది ఇందుకే; ఆ మార్పు తరతరాలకు వెళ్ళేది. పైగా అది అవసరము లేని పని. తండ్రులకు ఉన్న హెచ్ఐవి పిల్లలకు రాకుండా చేయుటకు వేరే సులువైన పద్ధతులు అప్పటికే ఉన్నాయి. 2019 డిసెంబరులో చైనా న్యాయస్థానము అతనికి మూడు సంవత్సరాల జైలు శిక్ష వేసింది. ఒకటి బాధపడుతున్న వ్యక్తికి అతని సమ్మతితో చేసే చికిత్స, మరొకటి ఇంకా పుట్టని తరాల మీద వారిని అడుగకుండా చేసే ప్రయోగము. "దేవుని స్థానములో కూర్చొనుట" అనే ఒకే గోనె సంచిలో ఈ రెండింటినీ వేసి కట్టివేయుట మన ప్రసంగాలలోని రెండవ దోషము. ఆ మాట వినుటకు భక్తిగా ఉంటుంది గాని, వివేచించుట అనే కష్టము నుండి మనలను తప్పిస్తుంది. దంతము పీకించుకొన్నా, కంటి శుక్లము తీయించుకొన్నా దేవుని స్థానములో కూర్చున్నామని మనము అనుకొనము గదా.

శాపము అనే మాట

ఇక మూడవ దోషము. ఇదే అన్నిటికంటె హానికరమైనదని మా అభిప్రాయము.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్ర ప్రభుత్వము సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ప్రారంభించింది. గిరిజన ప్రాంతాలలో నలభై ఏళ్ళ లోపు వారు ఏడు కోట్ల మందికి రక్తపరీక్షలు చేయాలని, 2047 నాటికి రోగమును నిర్మూలించాలని ఉద్దేశము. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ అందులో ఉన్నాయి. పరీక్ష చేయించుకొన్నవారికి కార్డులు ఇస్తున్నారు. రోగము ఉన్నదా, వాహకులా, ఏమీ లేదా అన్నది దాని మీద ఉంటుంది. వాహకులకు సాధారణముగా ఏ బాధా ఉండదు. ఇద్దరు వాహకులు పెండ్లి చేసుకొంటే ప్రతి కాన్పులోను బిడ్డకు రోగము వచ్చే అవకాశము నాలుగింట ఒక వంతు.

2024 వేసవిలో ఏజెన్సీలోని ఒక చిన్న సంఘములో మేము కొన్ని నెలలు సహాయముగా ఉన్నాము. అక్కడ ఒక అబ్బాయికి, అమ్మాయికి ప్రధానము జరిగింది. పెండ్లి ప్రకటన ఒక ఆదివారము చదివాము. రెండవ ఆదివారమునకు ముందు అబ్బాయి తండ్రి రెండు కార్డులు పట్టుకొని వచ్చాడు. ఇద్దరూ వాహకులే. కాని ఆ తండ్రి అమ్మాయి కార్డు మాత్రమే బల్ల మీద పెట్టి, "అయ్యగారూ, ఈ పిల్ల ఇంట శాపముందట గదా. మొన్న సభలో పెద్దయ్యగారు చెప్పారు. ఈ పెండ్లి చేయవచ్చా?" అని అడిగాడు. కొడుకు కార్డు ఆయన చేతిలోనే ఉన్నది.

ఆ సభలో ప్రసంగించినది మాకు తెలిసిన సేవకుడే. ఆయన పేరు ఇక్కడ అక్కరలేదు, ఎందుకంటే ఆ ప్రసంగము మనలో చాలామంది చేస్తున్నదే. నిర్గమకాండము 20:5 చదివి, మూడు నాలుగు తరాల వరకు వచ్చే రోగాలన్నీ పితరుల దోష ఫలితమని, విడుదల ప్రార్థన చేయించుకొంటే తెగిపోతాయని చెప్పుట. యెహెజ్కేలు 18వ అధ్యాయము పుల్లని ద్రాక్షల సామెతను ఇక పలుకవద్దని ప్రవక్త ద్వారా చెప్పించినది ఇలాంటి తర్కమునే. యోహాను 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివాని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న కూడా ఇదే, ప్రభువు ఆ ప్రశ్నను తోసివేశాడు. వచన వ్యాఖ్యానము తెలిసినవారికి ఇది క్రొత్త కాదు. అయినా సభలలో శిష్యుల ప్రశ్నయే ఇంకా ప్రసంగమవుతున్నది.

జన్యు శాస్త్రము ఈ విషయములో చెప్పేది మరీ ఆశ్చర్యకరము. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి, ఈ జన్యువు ఒక్కటి మాత్రమే కలిగిన బిడ్డలు మలేరియా మరణము నుండి చాలావరకు తప్పించుకొంటున్నారని చూపించాడు. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాలలోనే ఈ జన్యువు నిలిచి ఉండుటకు కారణము అది. మన్యపు జ్వరము ఎందరిని తీసుకొనిపోయిందో ఆ ప్రాంతపు సంఘాల సమాధుల తోట చూస్తే తెలుస్తుంది. ఆ పిల్ల పూర్వికులను జ్వరము నుండి కాపాడినదానికే మనము శాపమని పేరు పెట్టాము. ఒక జన్యువు తల్లి నుండి, ఒక జన్యువు తండ్రి నుండి రావలసి ఉండగా, నింద మాత్రము ఆడపిల్ల ఇంటి మీదనే పడుట మరొక సంగతి. దానికి జన్యు శాస్త్రముతో పని లేదు.

పుల్పిట్ మీద బహుమానము

శాస్త్రమును ఎరుగని ప్రసంగము ఒక్కటే ప్రమాదమని అనుకొనరాదు. శాస్త్రమును అతిగా నమ్మిన ప్రసంగము కూడా చరిత్రలో ఉన్నది. 1926లో అమెరికన్ యూజెనిక్స్ సొసైటీ పాస్టర్లకు ప్రసంగాల పోటీ పెట్టి, నగదు బహుమానాలు ప్రకటించింది. మంచి సంతానమును పెంచుట, "తక్కువ రకము" వారి సంతానమును ఆపుట అనే సిద్ధాంతమును ఆదివారము ఆరాధనలో వివరించుట ఆ పోటీ. ఎందరో పాస్టర్లు సంతోషముగా పాల్గొన్నారు. క్రిస్టీన్ రోజెన్ 2004లో వెలువరించిన ప్రీచింగ్ యూజెనిక్స్ అనే గ్రంథము ఈ చరిత్రను వివరముగా చూపిస్తుంది. మన గ్రంథాలయాలలో ఉండవలసిన పుస్తకము. 1927లో అమెరికా సుప్రీం కోర్టు బలవంతపు గర్భనిరోధ శస్త్రచికిత్సలను సమర్థించింది, వేలమంది పేద స్త్రీలు దాని పాలయ్యారు. తరువాత జర్మనీలో జరిగినది అందరికీ తెలుసు. ఆ పాస్టర్లు దుర్మార్గులు కారు. తమ కాలపు శాస్త్రముతో కలిసి నడవాలనుకొన్న చదువుకొన్న సేవకులు. మనము వారికంటె తెలివైనవారమని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు.

1970 దశకము ఆరంభములో అదే దేశములో కొన్ని రాష్ట్రాలు నల్లజాతివారికి సికిల్ సెల్ పరీక్ష తప్పనిసరి చేశాయి. వాహకులకు, రోగులకు తేడా తెలియని యజమానులు ఉద్యోగాలు నిరాకరించారు, భీమా సంస్థలు ఎక్కువ సొమ్ము అడిగాయి. మంచి ఉద్దేశముతో ఇచ్చిన కార్డు చేతులు మారేసరికి ముద్ర అవుతుంది. మన ఏజెన్సీలో ఆ కార్డును పెండ్లి పెద్దలు చూస్తున్నారు, ఇకముందు మరెవరు చూస్తారో.

డౌడ్నా తన సహచరుడు శామ్యూల్ స్టెర్న్‌బర్గ్‌తో కలిసి 2017లో వ్రాసిన ఎ క్రాక్ ఇన్ క్రియేషన్ అనే పుస్తకము ఈ భయమును దాచలేదు. హిట్లరు తన కలలో కనబడి ఈ సాధనమును గూర్చి అడిగాడని ఆమె వ్రాసుకొన్నది. ఒక శాస్త్రవేత్త తన విజయము మధ్య అలా వ్రాయుటను మేము గౌరవిస్తాము. మన సాక్ష్యాలలో అంత నిజాయితీ అరుదు. 2015లో పిండముల విషయములో ఆగవలసినదని తోటి శాస్త్రవేత్తలను కోరినవారిలో ఆమె ఒకరు. అయితే ఆ పుస్తకములో పదే పదే వచ్చే "మనము" అన్న మాట మమ్మును ఆపింది. మానవజాతి తన పరిణామమును తానే నడిపిస్తుందన్నప్పుడు ఆ మానవజాతిలో ఎవరున్నారు? అందుబాటు అందరికీ సమానముగా ఉండకపోవచ్చునన్న సంగతి ఆమె ఎత్తకపోలేదు. కాని అది రాబోయే చిక్కుగా కనబడుతుంది. మన సంఘములోని ఆ తండ్రికి అది రాబోయేది కాదు, ఈనాటిది.

ఎందుకంటే క్యాస్జెవీ ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. 2023 నాటి మారకపు రేటున మన రూపాయలలో ఇంచుమించు 18 కోట్లు. ధర ఒక్కటే కాదు. రోగి రక్తము నుండి మూలకణాలు తీసి ప్రయోగశాలకు పంపాలి, అక్కడ మార్చి తెచ్చుటకు నెలలు పడుతుంది. ఆ తరువాత, మార్చిన కణాలను ఎక్కించే ముందు, పాత మజ్జను తొలగించుటకు బలమైన కీమోథెరపీ ఇవ్వాలి. దానివలన సంతానము కలుగకపోయే ప్రమాదమున్నది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. అమెరికా అనుమతి ఇచ్చేనాటికి తగినంత కాలము గమనించిన 31 మంది రోగులలో 29 మందికి కనీసము పన్నెండు నెలలు వరుసగా తీవ్రమైన నొప్పి రాలేదు. అది చిన్న సంగతి కాదు. జీవితమంతా నొప్పితో మెలకువగా గడిపినవారికి ఒక సంవత్సరము నిద్ర. దానిని తక్కువ చేసి మాటలాడే హక్కు మనకు లేదు. 2025లో ఫిలడెల్ఫియాలో పుట్టుకతో కాలేయ లోపమున్న ఒక పసిబిడ్డకు, ఆ ఒక్క బిడ్డ కొరకే, ఆరు నెలలలో జన్యు ఔషధము తయారు చేసి ఇచ్చారు. అదీ గొప్ప పనియే. ఒక్క బిడ్డ కొరకు అంతమంది నిలబడుట తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానమును జ్ఞాపకము చేసింది. మిగిలిన తొంబది తొమ్మిది ఎక్కడున్నాయన్న ప్రశ్న కూడా వెంటనే వచ్చింది.

మన దేశములో ఢిల్లీలోని ఐజీఐబీ సంస్థ శాస్త్రవేత్తలు తమ సొంత పద్ధతిలో ఒక క్రిస్పర్ చికిత్సను తయారు చేశారు. 2025 నవంబరులో కేంద్ర మంత్రి దానిని ప్రకటించినప్పుడు బిర్సా 101 అని, బిర్సా ముండా పేరు పెట్టారు. తక్కువ ఖర్చుతో అందించాలన్నది ఉద్దేశము. మేము సంతోషించాము. అయితే ప్రకటన వేరు, ఏజెన్సీ ఆసుపత్రి మంచము వేరు. ఈలోగా హైడ్రాక్సీయూరియా అనే మందు ఉన్నది. అమెరికాలో 1998 నుండి సికిల్ సెల్‌కు వాడుకలో ఉన్న తక్కువ ఖరీదు గుళిక అది. నొప్పి వచ్చే సార్లను తగ్గిస్తుంది. వైద్యుని పర్యవేక్షణలో ప్రతి రోజూ వేసుకోవాలి. విడుదల ప్రార్థన తరువాత విశ్వాసముతో మందు మానివేసిన ఇద్దరు యౌవనస్థులను మేము ఆ సంఘములోనే చూశాము. ఒకడు మళ్ళీ మొదలుపెట్టాడు. మన వేదాంత కళాశాలలలో నాలుగు సంవత్సరాలు చదివి వెళ్ళే విద్యార్థులకు ఈ గుళిక పేరు ఒక్కసారైనా ఎవరైనా చెప్పారా? క్రిస్పర్ మీద పరిశోధనా పత్రాలు వ్రాయించే ముందు అది చెప్పుట అవసరమని మా విన్నపము. ఆ మందు మాన్పించే హక్కు కాపరికి లేదన్నది కూడా అదే పాఠములో చెప్పవలసి ఉన్నది.

ఆ తండ్రికి మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. కొడుకు కార్డు కూడా బల్ల మీద పెట్టమన్నాము. రెండు కార్డులూ ప్రక్క ప్రక్కన పెట్టి చూసి, ఆయన చాలాసేపు ఊరకున్నాడు. ఆ వారము పెండ్లి ప్రకటన చదువలేదు. అబ్బాయిని, అమ్మాయిని తీసుకొని ఏఎన్ఎమ్ దగ్గరకు, తరువాత జిల్లా ఆసుపత్రిలోని సలహాదారు దగ్గరకు వెళ్ళాము. నాలుగింట ఒకటి అంటే ఏమిటో ఆమె నాలుగు చింతగింజలు బల్ల మీద పెట్టి చూపించింది. తెల్లగా అరగదీసినది ఒకటి, నల్లగా ఉన్నవి మూడు. మా పదిహేనేళ్ళ క్రితపు ఫ్లెక్సీ మాకు జ్ఞాపకము వచ్చింది.

తిరుగు బస్సులో అమ్మాయి మమ్మును రెండు ప్రశ్నలు అడిగింది. గర్భములోనే పరీక్ష చేస్తారని ఆమె విన్నది. రోగమున్నదని తెలిస్తే ఏమి చేయాలి అయ్యగారూ అని ఒకటి. పెండ్లి మానుకొంటే ఇంక తనను ఎవరు చేసుకొంటారు అని రెండవది. రెండవదానికి మేము ఏదో చెప్పాము. మొదటిదానికి చెప్పలేదు. వారిద్దరూ పెండ్లి చేసుకొనుటకే నిశ్చయించుకొన్నారు, మూడు వారాల తరువాత మిగిలిన ప్రకటనలు చదివాము. శాపమని చెప్పిన సేవకుని కలిసి మాటలాడాము. ఆయన ఒప్పుకోలేదు, అయితే ఆ సంఘములో మళ్ళీ ఆ ప్రసంగము చేయనన్నాడు. పెండ్లినాడు అబ్బాయి తండ్రి రెండు కార్డులనూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పెండ్లి రిజిస్టరుతో పాటు దాచమని మాకే ఇచ్చాడు. అవి సంఘము పేటికలో పెట్టవలసినవి కావు, మీ ఇంట ఉండవలసినవి, కాన్పుకు వెళ్ళేనాడు వైద్యునికి చూపించవలసినవి అని చెప్పి తిరిగి ఇచ్చివేశాము.